గిటార్ సాధనకు ట్యూనర్, మెట్రోనోమ్: కొనేటప్పుడు నిజంగా చూడాల్సింది ఏమిటి?

గిటార్ ఇంటికి వచ్చిన వారంలోపే ట్యూనర్, అంటే తీగ శ్రుతిలో ఉందో లేదో చూపే పరికరం, అవసరం తెలిసొస్తుంది. కొత్త తీగలు సాగుతుంటాయి, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి ఉండదు, చెవికి ఇంకా అలవాటు లేదు. అప్పుడు షాపులోనో, నేర్పే మాస్టారి దగ్గరో వినిపించే సలహా ఒకటే: "మెట్రోనోమ్ (లయకు టిక్ టిక్‌మని కొట్టే పరికరం) కూడా ఉన్న కాంబో తీసేసుకోండి, రెండూ ఒకదాంట్లోనే వస్తాయి." డబ్బు కలిసొస్తుంది, సంచిలో ఒక వస్తువు తగ్గుతుంది. సలహా సబబుగానే ఉంటుంది. కానీ ఈ రెండు పనులకీ పోలిక లేదు. ట్యూనర్‌తో పని సాధనకు ముందు రెండు నిమిషాలు, మధ్యలో ఒకటి రెండు సార్లు. మెట్రోనోమ్‌తో పని సాధన జరిగినంతసేపూ. కొనేవాళ్లు మాత్రం పరిశీలనంతా ట్యూనర్ మీదే పెడతారు. ఎన్ని సెంట్ల కచ్చితత్వం, స్క్రీన్ ఎంత రంగుల్లో ఉంది అని చూస్తారు. మెట్రోనోమ్ ఎలా ఉన్నా సరే, ఉంటే చాలు అనుకుంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి ట్యూనర్ వాడుతూనే ఉంటారు, మెట్రోనోమ్ బటన్ ఎక్కడుందో కూడా మర్చిపోతారు. లయ కుదరకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు, వినబడని, వాడటానికి చిరాకు పెట్టే మెట్రోనోమ్ కూడా కారణమే.

ముందు ట్యూనర్ సంగతి. డబ్బా మీద రాసే కచ్చితత్వం సెంట్లలో ఉంటుంది. ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి, అంటే గిటార్ మీద ఒక ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి పక్క ఫ్రెట్‌కి ఉన్న దూరం 100 సెంట్లు. స్థాయి మొత్తం, అంటే స నుంచి పై స వరకు, 1200. మామూలు ట్యూనింగ్‌లో (అక్షరాలు పాశ్చాత్య స్వరాల పేర్లు, హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని ఊపులన్నది) ఆరో తీగ లావు ఇ 82.41 హెర్ట్జ్, ఐదోది ఎ 110, నాలుగోది డి 146.83, మూడోది జి 196, రెండోది బి 246.94, మొదటిది సన్న ఇ 329.63. ఐదో తీగ దగ్గర ఒక సెంటు అంటే సుమారు 0.064 హెర్ట్జ్. ఇంత చిన్న తేడా ఎవరికి వినబడుతుంది అనిపిస్తుంది. ఒంటరిగా మోగే స్వరంలో నిజంగానే ఎవరికీ వినబడదు. వేరువేరుగా మోగే రెండు స్వరాల మధ్య ఐదారు సెంట్ల తేడాను పట్టుకోవడం చాలామందికి కష్టమే.

అయితే గిటార్ మీద తీగలు కలిసి మోగుతాయి. ఒకే స్వరాన్ని రెండు తీగల మీద పలికిస్తే, వాటి మధ్య తేడా ఎన్ని హెర్ట్జ్ ఉంటే సెకనుకు అన్నిసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. ఆరో తీగ ఐదో ఫ్రెట్ నొక్కి, ఐదో తీగను ఖాళీగా, రెండూ ఒకేసారి మీటితే ఆ అల స్పష్టంగా తెలుస్తుంది. ట్యూనర్ కచ్చితత్వం ప్లస్ మైనస్ 3 సెంట్లు అనుకుందాం. దురదృష్టవశాత్తూ ఒక తీగ 3 సెంట్లు పైకి, ఇంకోటి 3 సెంట్లు కిందికి వెళ్తే తేడా 6 సెంట్లు. 110 హెర్ట్జ్ దగ్గర అది 0.38 హెర్ట్జ్. అంటే దాదాపు రెండున్నర సెకన్లకు ఒక అల. కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాలు) వాయించి మోగనిస్తే ఆ ఊపు చెవికి అందుతుంది. అదే ప్లస్ మైనస్ 1 సెంటు ఉన్న ట్యూనర్‌తో, అంతే దురదృష్టం కలిసొచ్చినా, ఒక్క అల పూర్తవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. అప్పటికి పాటలో రెండు మూడు కార్డులు మారిపోయి ఉంటాయి. కాబట్టి 1 సెంటు కచ్చితత్వానికి అర్థం ఉంది. అది ఈరోజు ఖరీదైన సంగతి కూడా కాదు, పేరున్న తయారీదారుల మామూలు ట్యూనర్లలోనే దొరుకుతుంది. అక్కడితో ఆగిపోవచ్చు. ప్లస్ మైనస్ 0.1 సెంటు అని చెప్పే స్ట్రోబ్ ట్యూనర్లు గిటార్ బాగుచేసేవాళ్లకు, స్టూడియోలో రికార్డింగ్ చేసేవాళ్లకు పనికొస్తాయి. ఆ కోవలో పీటర్సన్ కంపెనీ క్లిప్ ట్యూనర్లు కూడా అమ్ముతోంది. నేర్చుకునేవాళ్ల వేలు తీగను కాస్త గట్టిగా నొక్కితేనే స్వరం అంతకు ఎన్నో రెట్లు పైకి పోతుంది. ఆ స్థాయి కచ్చితత్వానికి అదనంగా డబ్బు పెట్టి లాభం లేదు.

ఇక్కడే చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. ఆరు తీగలకూ పచ్చ లైటు వెలిగింది, జి కార్డ్ మాత్రం ఎక్కడో కాస్త పుల్లగా వినిపిస్తోంది. ట్యూనర్ పాడైందని మార్చేస్తారు. అది ట్యూనర్ తప్పు కాదు. గిటార్ ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన పద్ధతిలో వేస్తారు. అందులో మేజర్ థర్డ్, అంటే మన లెక్కలో షడ్జం నుంచి అంతర గాంధారం, 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబూరా నాదంలో తనంతట తానే వినిపించే గాంధారం 386 దగ్గర ఉంటుంది. 14 సెంట్ల తేడా. కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్న చెవికి ఇది ఇంకా తొందరగా తెలుస్తుంది. దీన్ని సరిచేద్దామని జి కార్డ్‌లో బి తీగను కొంచెం దించితే ఆ కార్డ్ తీయగా మోగుతుంది, వెంటనే ఇ కార్డ్ చెడుతుంది, ఎందుకంటే అక్కడ అదే ఖాళీ బి తీగ పంచమం అవుతుంది. ఫ్రెట్లున్న వాయిద్యానికి ఈ రాజీ తప్పదు. ట్యూనర్ ఆ రాజీని ఆరు తీగలకూ సమానంగా పంచుతుంది, అంతే.

ఇంకో అనుమానం గిటార్ మీదే పెట్టుకోవాలి. పన్నెండో ఫ్రెట్ పైన వేలు తాకీ తాకనట్టు ఉంచి మీటితే వచ్చే హార్మోనిక్‌నీ, అదే ఫ్రెట్ నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చి చూడాలి. రెండూ ఒకే చోట ఆగాలి. నొక్కిన స్వరం బాగా పైకి చూపిస్తే బ్రిడ్జి మీద శాడిల్ (కింది వైపు తీగలు ఆనే పట్టీ) సరిగా లేదనో, తీగలు పాతబడ్డాయనో, ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉన్నాయనో అర్థం. తక్కువ ధర గిటార్లలో నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాళ్లు లోతుగా కోయరు, దాంతో మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే స్వరం పైకి పోతుంది. ఎఫ్ కార్డ్ అపస్వరంగా ఉండటానికి సగం కారణం అదే. కొత్త ట్యూనర్ కొనే డబ్బు గిటార్ బాగుచేసే మనిషికి ఇస్తే ఫలితం ఎక్కువ.

ట్యూనర్ వినే పద్ధతులు రెండు. ఒకటి మైక్‌తో గాలిలోని శబ్దాన్ని వినడం. ఫోన్ యాప్‌లు, టేబుల్ మీద పెట్టే కాంబోలు ఇలా వింటాయి. రెండోది గిటార్ తలకు క్లిప్‌లా పట్టుకుని చెక్కలోని కంపనాన్ని వినడం. మన ఇళ్లలో ఈ తేడా చాలా ముఖ్యం. పైన ఫ్యాన్, వేసవిలో కూలర్, పక్క గదిలో టీవీ, కింద వీధిలో ఆటోలు. మైక్‌తో వినే ట్యూనర్‌కి ఇవన్నీ వినిపిస్తాయి. ముఖ్యంగా లావు ఇ దగ్గర సూది ఒకచోట నిలవదు. ఫోన్ మైకులు మాట కోసం తయారైనవి, 82 హెర్ట్జ్ లాంటి మంద్ర స్వరాలు వాటికి బలంగా అందవు. పైగా ఆ తీగ ఒక్కసారి ఊగడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. స్వరాన్ని కచ్చితంగా లెక్కగట్టాలంటే ట్యూనర్ అలాంటి ఊపులు ఎన్నో చూడాలి. అందుకే ఏ ట్యూనర్‌కైనా సన్న తీగల కంటే లావు తీగలు ఆలస్యంగా దొరుకుతాయి. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మీటితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది, ట్యూనర్ తొందరగా పట్టుకుంటుంది. క్లిప్ ట్యూనర్ అయితే ఫ్యాన్ గోల దానికి తెలియనే తెలియదు. క్లాసులో పదిమంది ఒకేసారి శ్రుతి చేసుకుంటున్నా తన గిటార్‌నే వింటుంది. గిటార్ ఒకటే వాయించేవాళ్లకు క్లిప్పే మేలు, ఇందులో పెద్ద చర్చ అక్కర్లేదు.

క్లిప్‌లో చూడాల్సినవి చిన్నవే కానీ రోజూ తగిలేవి. స్క్రీన్ పక్క నుంచి చూసినా కనిపించాలి, ఎందుకంటే గిటార్ ఒళ్లో ఉన్నప్పుడు దాన్ని ఎదురుగా చూడలేం. డాబా మీద, ఎండలో అంకె కనబడకపోతే ప్రయోజనం లేదు. తల తిరిగే కీలు గట్టిగా ఉండాలి, చవక వాటిలో మొదట విరిగేది అదే. చాలా క్లిప్‌లు సీఆర్2032 బిళ్ల బ్యాటరీతో నడుస్తాయి. అది వాచీలు బాగుచేసే షాపులో దొరుకుతుంది. చిన్న ఊళ్లలో పెన్సిల్ బ్యాటరీ దొరికినంత సులువు కాదు కాబట్టి గిటార్ సంచిలో ఒకటి అదనంగా పెట్టుకోవడం మంచిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే బిళ్ల బ్యాటరీ మింగితే ప్రాణాపాయం, మూత స్క్రూతో బిగించేదా, గోటితో ఊడేదా అని చూసి కొనాలి. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యేవి కూడా ఇప్పుడు చాలా వస్తున్నాయి.

తర్వాత మోడ్. గిటార్ మోడ్‌లో ట్యూనర్ ఆరు తీగలనే గుర్తిస్తుంది. క్రొమాటిక్ మోడ్‌లో పన్నెండు స్వరాల్లో దేనికి దగ్గరగా ఉంటే దాని పేరు చూపిస్తుంది. 1975లో కోర్గ్ కంపెనీ తెచ్చిన డబ్ల్యూటీ-10, చేతిలో పట్టే సూది ట్యూనర్లలో మొదటిది. దాంట్లో ఏ స్వరానికి శ్రుతి చేస్తున్నామో మనమే డయల్ తిప్పి చెప్పాలి. స్వరాన్ని తనంతట తానే గుర్తించే ట్యూనర్లు 80ల్లో వచ్చాయి. ఆ సౌకర్యంతోనే ఒక కొత్త ప్రమాదం కూడా వచ్చింది. క్రొమాటిక్ మోడ్‌లో పచ్చ లైటు వెలిగిందంటే ఏదో ఒక స్వరానికి సరిపోయిందని మాత్రమే. మూడో తీగ బాగా దిగిపోయి జికి ఒక మెట్టు కిందనున్న ఎఫ్ షార్ప్ దగ్గర ఉంటే ట్యూనర్ ఎఫ్ షార్ప్ అని పచ్చగా చూపిస్తుంది. కొత్తవాళ్లు రంగు చూసి వదిలేస్తారు, పేరు చూడరు. ఎక్కువ ట్యూనర్లలో స్థాయి కూడా కనబడదు, అందుకే కొత్త తీగ వేసినప్పుడు అది ఒక స్థాయి కింద వదులుగా ఉన్నా ఇ అనే రాస్తుంది.

ఇంత ఇబ్బంది ఉన్నా క్రొమాటిక్ మోడ్ లేని ట్యూనర్ కొనకూడదు. ముఖ్యంగా ఇంట్లో పాడేవాళ్లుంటే. మన పాటగాళ్లు శ్రుతిని అంకెల్లో చెబుతారు. ఒకటి అంటే సి, రెండు అంటే డి, నాలుగు ఎఫ్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్. పాడేవాళ్లు ఐదున్నర అంటే గిటార్ మనిషి మొదటి ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టి జి కార్డులు పట్టుకుంటే సరిపోతుంది. క్యాపో బిగిస్తే తీగలు అన్నీ ఒకేలా కాకుండా కొద్దికొద్దిగా పైకి లాగబడతాయి. క్యాపో పెట్టిన తర్వాత మళ్లీ సరిచూసుకోవాలంటే క్రొమాటిక్ మోడే దిక్కు.

ట్యూనర్‌లో అందరూ మర్చిపోయే అమరిక ఒకటుంది, ఎ స్వరం (ఐదో తీగకు రెండు స్థాయిలు పైనున్న ఎ) ఎన్ని హెర్ట్జ్ అన్నది. ప్రపంచంలో చాలా చోట్ల 440 వాడుతున్నారు, 1939లో లండన్‌లో జరిగిన సమావేశం నుంచి ఇదే ప్రమాణం. చాలా ట్యూనర్లలో దీన్ని 430 నుంచి 450 వరకు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ మేర, మార్చుకోవచ్చు. చిన్న క్లిప్‌లో ఈ బటన్ సంచిలో నొక్కుకుపోవడం తరచూ జరిగేదే. అది 430కి పోతే గిటార్ తనలో తాను చక్కగా శ్రుతిలోనే ఉంటుంది, ఆరు తీగలూ పచ్చగానే వెలుగుతాయి. చర్చిలోనో, భజనలోనో కీబోర్డ్‌తో కలవగానే 40 సెంట్లు కిందికి ఉంటుంది. అంటే ఫ్రెట్‌లో సగానికి కాస్త తక్కువ. అందరూ గిటార్ మనిషి వైపే చూస్తారు. వాయించే ముందు ఆ మూలనున్న అంకె 440 అని చూసుకోవడం అలవాటైతే ఈ అవస్థ రాదు. ఈ అమరిక పనికొచ్చే సందర్భమూ ఉంది. పాత హార్మోనియం రీడ్లు 440కి కొంచెం అటూ ఇటూ ఉంటాయి, వాటిని అక్కడికక్కడ మార్చడం కుదరదు. హార్మోనియంలో ఎ మెట్టు నొక్కి పట్టుకుని, ట్యూనర్ సూది మధ్యకు వచ్చేదాకా ఆ అంకెను జరిపి, ఆ అంకెతోనే గిటార్ శ్రుతి చేసుకుంటే రెండూ కలుస్తాయి. పాత టేపుల నుంచి వచ్చిన రికార్డింగులతో కలిసి వాయించేటప్పుడు కూడా ఇదే ఉపాయం, ఎందుకంటే టేపు కాస్త వేగంగా తిరిగినా శ్రుతి పెరిగిపోతుంది.

ఎంత మంచి ట్యూనర్ ఉన్నా తీగ బిగించే చేయి సరిగా ఉండాలి. తీగ మీటగానే స్వరం కొంచెం పైనుంచి మొదలై దిగి నిలుస్తుంది, కాబట్టి మొదటి క్షణంలో సూది చూపేది నమ్మకూడదు. పాటలో ఎంత బలంగా మీటుతామో అంతే బలంగా మీటి, అర సెకను ఆగి చూడాలి. ఎప్పుడూ కింది నుంచి పైకే రావాలి. దాటిపోతే బాగా దించి మళ్లీ పైకి తేవాలి, లేకపోతే తీగ బిగించే కీలో మిగిలిన వదులు తర్వాత జారిపోతుంది. కీ తిప్పుతున్నా సూది కదలక, ఒక్కసారిగా టిక్‌మని గెంతితే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. గాడిలో పెన్సిల్ ములికి పొడి కాస్త రుద్దితే ఆ ఇరుకు తగ్గుతుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి బయటి వేడిలోకి తెస్తే ఉక్కు తీగలు సాగి స్వరం దిగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తేమకు చెక్క కూడా కదులుతుంది. వాయించే చోటికి తెచ్చి పావుగంట ఆగి శ్రుతి చేయడమే మార్గం.

సెమీ అకౌస్టిక్ (వైరు తగిలించి వాయించగల అకౌస్టిక్) గిటార్ ఉన్నవాళ్లు ముందు గిటార్ పక్క చెక్కలో బిగించి ఉన్న ప్రీయాంప్ (శబ్దాన్ని స్పీకర్‌కు పంపే చిన్న పెట్టె) చూసుకోవాలి. చాలావాటిలో ట్యూనర్ అందులోనే ఉంటుంది, వేరే కొనక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్‌తో స్టేజి ఎక్కేవాళ్లకు బాస్ (Boss) కంపెనీ టీయూ-3 లాంటి పెడల్ కావాలి, కాలితో నొక్కగానే శబ్దం ఆగి శ్రుతి చేసుకోవచ్చు. ఇంట్లో సాధనకు అది అనవసరం. అన్ని తీగలూ ఒకేసారి మీటితే ఏది తప్పిందో చూపే పద్ధతిని 2010లో టీసీ ఎలక్ట్రానిక్ కంపెనీ పాలీట్యూన్ పెడల్‌తో తెచ్చింది. పాటకీ పాటకీ మధ్య తొందరలో అది నిజంగా సాయం, నేర్చుకునే చోట కాదు.

ఇక మెట్రోనోమ్. ఇందులో మొదట చెప్పుకోవాల్సింది, కచ్చితత్వం గురించి అసలు ఆలోచించక్కర్లేదు. 1815లో మేల్జెల్ పేటెంట్ తీసుకున్న లోలకం మెట్రోనోమ్‌ను చదునైన చోట పెట్టకపోతే టిక్ టిక్ కుంటేది. క్వార్ట్జ్ గడియారంతో నడిచే ఈనాటి పరికరాల్లో అతి చవకదైనా మనిషి పట్టుకోలేనంత నికరంగా నడుస్తుంది. తేడా అంతా వినబడటంలో, వాడటంలో ఉంది.

వినబడటం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే గిటార్‌తో కాసేపు కూర్చోవాలి. టెంపో 72 (నిమిషానికి 72 బీట్లు) పెట్టి, జి నుంచి సికి నాలుగు బీట్లకోసారి మారుతూ స్ట్రమ్ చేస్తున్నారనుకోండి, అంటే తీగలన్నీ కలిపి మీటుతున్నారనుకోండి. బీట్‌కీ బీట్‌కీ మధ్య 0.83 సెకను. చేయి క్లిక్ మీద కచ్చితంగా పడినప్పుడు గిటార్ శబ్దంలో క్లిక్ మునిగిపోతుంది. కొత్తవాళ్లు మెట్రోనోమ్ ఆగిపోయిందేమోనని అటు చూస్తారు, అంతలో లయ తప్పుతుంది. నిజానికి క్లిక్ మాయమైతేనే సరిగ్గా పడినట్టు. కార్డ్ మార్చే చోట చేయి ఆలస్యమైతే క్లిక్ ముందు విడిగా వినిపిస్తుంది, గిటార్ దాని వెనక వస్తుంది. సాధనంటే ఈ విడిపోవడాన్ని వింటూ తగ్గించుకోవడమే. ఆ చిన్న ఎడం వినబడాలంటే క్లిక్ గిటార్‌ని దాటుకుని రావాలి. అగ్గిపెట్టెంత స్పీకర్ ఉన్న కాంబోలు టేబుల్ మీద ఉన్నప్పుడు బాగానే పలుకుతాయి, అకౌస్టిక్ గిటార్‌ని పిక్‌తో గట్టిగా స్ట్రమ్ చేయగానే వాటి గొంతు పూర్తిగా మునిగిపోతుంది. క్లిక్ తప్పిందో, మనం సరిగ్గా పడ్డామో తేడా తెలియదు. అందుకే కాంబో కొంటే ఇయర్‌ఫోన్ సాకెట్ ఉన్నదే కొనాలి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి గిటార్‌కి వదిలిపెడితే చాలు. ఇంట్లోవాళ్లకి కూడా టిక్కు టిక్కు బాధ ఉండదు.

క్లిప్ ట్యూనర్లలో కొన్నిటి డబ్బా మీద మెట్రోనోమ్ అని రాసి ఉంటుంది, తెరిచి చూస్తే శబ్దమే రాదు, లైటు మాత్రం మిణుకుతుంది. దీన్ని మెట్రోనోమ్ లెక్కలో వేసుకోవద్దు. లయను చెవి పట్టుకున్నంత బాగా కన్ను పట్టుకోలేదు. పైగా కన్ను ఫ్రెట్ల మీద ఉండాల్సిన సమయంలో లైటు మీద ఉంటుంది. టెంపో ఎంతో ఒకసారి చూసుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి కాదు.

టెంపో మార్చే పద్ధతి రెండో సంగతి. 60 నుంచి 120కి వెళ్లాలంటే ఒక చిన్న బటన్‌ని నొక్కిపట్టుకుని ఎదురుచూడాల్సి వస్తే, నాలుగు రోజుల తర్వాత ఎవరూ టెంపో మార్చరు. ఏది పెట్టి ఉంటే దాంతోనే వాయిస్తారు, లేకపోతే ఆపేస్తారు. తిప్పే చక్రం ఉన్నది ఎంతో మేలు. పాట వింటూ వేలితో తట్టి టెంపో పట్టుకునే ట్యాప్ బటన్ ఉంటే ఇంకా మంచిది. టెంపో పెంచేటప్పుడు ప్రతిసారీ నాలుగేసి పెంచడం అలవాటు. 60 నుంచి 64 అంటే దాదాపు 7 శాతం, 160 నుంచి 164 అంటే రెండున్నర శాతమే. చేతికి తెలిసేది ఈ శాతమే. పాత లోలకం మెట్రోనోమ్‌ల మీద 60, 63, 66, 69, 72, 76, 80 అని గీతలుండటానికి కారణం అదే. ఎక్కువ టెంపోల దగ్గర ఆ ఎడం ఆరు, ఎనిమిదికి పెరుగుతుంది.

మూడోది లోపలి నడక. తెలుగు పాటలు వాయించేవాళ్లకు ఇదే అన్నిటికంటే ముఖ్యం, డబ్బాల మీద అందరికంటే చిన్న అక్షరాల్లో ఉండేదీ ఇదే. మన జానపద బాణీల్లో, సినిమా పాటల్లో చాలా భాగం తకిట తకిట అని తిశ్ర నడకలో ఉంటాయి. పాశ్చాత్య పద్ధతిలో వాటిని 6/8 అంటారు. నాలుగు బీట్ల క్లిక్ పెట్టుకుని ఈ పాటలు సాధన చేస్తే స్ట్రమ్మింగ్ ఎప్పటికీ కుదరదు, చేయి ఒక దారి, క్లిక్ ఒక దారి. బీట్‌ని మూడుగా విడగొట్టి వినిపించే అమరిక తప్పనిసరి. రెండుగా, నాలుగుగా విడగొట్టేవి కూడా కావాలి. టెంపో మార్చకుండా అదే క్లిక్ మీద మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం వాయించడం సంగీతం మాస్టార్లు తరతరాలుగా చేయిస్తున్నదే. స్కేల్ సాధనకి గిటార్ మీద ఇంతకు మించిన పద్ధతి లేదు. ముందు బీట్‌కి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. క్లిక్ 60 దగ్గరే ఉంటుంది, వేళ్లు మాత్రం నాలుగు రెట్ల వేగానికి వెళ్తాయి. పరుగు పెట్టే అలవాటు ఎక్కడుందో వెంటనే బయటపడుతుంది.

ఖండ చాపు ఐదు, మిశ్ర చాపు ఏడు లాంటి లెక్కలు వాయించాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. చిన్న పరికరాల్లో ఏడు బీట్ల లెక్క పెట్టవచ్చు, మొదటి బీట్ గొంతు మార్చి పలుకుతుంది. మిశ్ర చాపు నడిచేది మూడు, రెండు, రెండుగా. ఆ విరుపు చాలా కాంబోల్లో రాదు. ఏడు లెక్కనీ, దాని లోపలి నడకనీ ఒకేసారి పెట్టడం కూడా అనేకవాటిలో కుదరదు, ఏదో ఒకటే. అలాంటివాళ్లకు బీట్లలో ఏది గట్టిగా, ఏది మెల్లగా అని విడివిడిగా పెట్టుకోనిచ్చే ఫోన్ యాప్‌గానీ, కర్ణాటక సంగీతం కోసమే తయారైన తాళ పరికరంగానీ నయం.

ఫోన్ యాప్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు. మెట్రోనోమ్ విషయంలో మంచి యాప్‌లు చాలా పరికరాల కంటే ముందున్నాయి. ఏ నడకైనా పెట్టుకోవచ్చు, రెండు ఆవర్తాలు మోగి రెండు ఆవర్తాలు మౌనంగా ఉండే అమరిక కూడా ఉంటుంది. ఆ మౌనం తర్వాత క్లిక్ తిరిగి వచ్చేసరికి మనం ఎక్కడున్నామో చూసుకోవడం లయకు గట్టి పరీక్ష. ఇబ్బందులు వేరే ఉన్నాయి. కాల్ వస్తే క్లిక్ ఆగుతుంది. మెసేజ్ వస్తే సాధన ఆగుతుంది, అది ఇంకా పెద్ద నష్టం. నోటిఫికేషన్లన్నీ ఆపి పెట్టుకునే క్రమశిక్షణ ఉన్నవాళ్లకు ఫోన్ చాలు. పన్నెండేళ్ల పిల్లాడి చేతికి సాధన పేరుతో ఫోన్ ఇవ్వడం కంటే చిన్న మెట్రోనోమ్ కొనివ్వడం మంచిది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మీద మాత్రం ఒక అపోహ ఉంది. శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి లయ తప్పుతుందని భయపడతారు. ఆలస్యం ప్రతి క్లిక్‌కీ ఒకేలా ఉన్నంతవరకు, గిటార్‌ని నేరుగా చెవితో వింటున్నంతవరకు ఏమీ కాదు, మనం వాయించేది వినిపించే క్లిక్‌తోనే కదా. స్క్రీన్ మీద లైటు చూస్తూ వాయిస్తేనో, రికార్డ్ చేస్తేనో ఆ ఆలస్యం బయటపడుతుంది. అప్పుడు వైరు ఇయర్‌ఫోన్ వాడాలి.

క్లిక్ బదులు డ్రమ్ లూప్ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఉత్సాహానికి బాగుంటుంది, పాట వాయిస్తున్నట్టే ఉంటుంది. సాధన మొత్తం దాంతోనే చేయడం మాత్రం మంచిది కాదు. నిండుగా మోగే డ్రమ్స్ మన తప్పుల్ని కప్పేస్తాయి. ఒంటి క్లిక్ ఏదీ దాచదు. కొంచెం చేయి తిరిగాక క్లిక్‌ని ఇంకా తగ్గించుకుంటూ పోవాలి. పాట 100 టెంపోలో ఉంటే మెట్రోనోమ్‌ని 50కి పెట్టి, ఆ క్లిక్ రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పడుతోందని లెక్క పెట్టుకుని వాయించాలి. మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. ఒకటో బీట్, మూడో బీట్ మోసే బాధ్యత అప్పుడు పూర్తిగా మనది. ఇందుకోసమే కొనే పరికరం కనీసం 40 వరకైనా దిగగలగాలి, 30 వరకు దిగితే ఇంకా మంచిది.

ఇవన్నీ కలిపి చూస్తే, ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు కొన్ని వందల రూపాయల్లో దొరికే మంచి క్లిప్ ట్యూనర్ ఒకటి కొని, మెట్రోనోమ్‌కి ఫోన్ యాప్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. రెండు మూడు నెలలు క్లిక్‌తో సాధన నిలిస్తే, అప్పుడు చక్రం, ఇయర్‌ఫోన్ సాకెట్, తిశ్ర నడక మూడూ ఉన్న విడి మెట్రోనోమ్ కొనవచ్చు. టేబుల్ మీద నోట్స్ పెట్టుకుని, నిశ్శబ్దమైన గదిలో, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్లతో వాయించేవాళ్లకు కాంబో చక్కగా సరిపోతుంది. గిటార్‌తో పాటు వయొలిన్, ఫ్లూట్ నేర్చుకునేవాళ్లున్న ఇంటికి కూడా అంతే, ఎందుకంటే మైక్ ఉన్న ట్యూనర్ అన్నిటికీ పనికొస్తుంది. కోర్గ్ టీఎం-60 లాంటి కాంబోల్లో ట్యూనర్, మెట్రోనోమ్ ఒకే స్క్రీన్ మీద ఒకేసారి పనిచేస్తాయి. ఒక స్వరాన్ని నిలిపి పట్టాల్సిన వయొలిన్, ఫ్లూట్ వాళ్లకు అది వరం, ఫ్రెట్లున్న గిటార్‌కి అంత అవసరం పడదు.

షాపులో చూసి కొనే వీలుంటే అక్కడే రెండు పరీక్షలు చేయవచ్చు. లావు ఇ తీగను మూడుసార్లు ఒకే బలంతో మీటి సూది మూడుసార్లూ ఒకే చోట ఆగుతోందా చూడాలి. తర్వాత క్లిక్ 72కి పెట్టి, పరికరాన్ని ఇంట్లో ఎంత దూరంలో పెడతారో అంత దూరంలో ఉంచి, పక్కనున్న గిటార్‌ని గట్టిగా స్ట్రమ్ చేసి చూడాలి. ఇప్పటికే కాంబో కొనేసినవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు. చాలావాటికి పక్కన ఇన్‌పుట్ సాకెట్ ఉంటుంది, అందులో క్లిప్ లాంటి కాంటాక్ట్ మైక్ పెట్టి గిటార్ తలకు తగిలిస్తే ఫ్యాన్ గోల పోతుంది. సెమీ అకౌస్టిక్ అయితే మామూలు గిటార్ కేబులే నేరుగా అందులో పెట్టవచ్చు. వాడటం అయ్యాక కేబుల్ గిటార్ నుంచి తీసేయాలి, గుచ్చి ఉన్నంతసేపూ ప్రీయాంప్‌లోని 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.